ఎడమకాలి సాక్ష్యం

1931 జనవరి 4, ఆదివారం

నడిచాను. ప్రభువా, ఈ కాలితో నడిచాను.

క్రిస్మస్ రోజు ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బిగుసుకున్న మోకాలు అప్పటినుంచి పూర్తిగా వంగదు, పూర్తిగా చాపుకోదు. వానకు ఉబ్బి సగంలో ఇరుక్కున్న తలుపులా ఉండిపోయింది. లోపలి మెత్తటి ఎముక చిరిగింది, కోసి తీయాలి, తీశాక మళ్లీ ఆడటం అనుమానమే అన్నాడు డాక్టరు.

ఈ సాయంత్రం మందిరంలో ప్రేమవిందు. రొట్టె ముక్కలు పంచుకున్నాం, రెండు పిడుల నీళ్లగిన్నె చేతులు మారింది, సాక్ష్యాలు మొదలవబోతున్నాయి. రూబెన్ తాత లేచి, "సాక్ష్యాలు తర్వాత. ముందు మన ఆమోసు కాలి మీద చేతులు పెడదాం రండి" అన్నాడు. వచ్చారు. బొగ్గు నలుసులు చర్మంలో నీలంగా దిగిపోయిన చేతులు, ఒకదాని మీద ఒకటి. ఆ బరువుకు బల్ల మీది నా కాలు అదిరింది. లోపల ఏదో టక్కుమంది. కాలు చాపుకుంది.

లేచాను. బల్ల మీంచి దూకాను. దేవాలయం గుమ్మం దగ్గర పేతురు చెయ్యి పట్టి లేపిన ఆ కుంటివాడిలా గంతులు వేశాను. అందరూ ఏడుస్తున్నారు. నా నోట్లోంచి మాట నిప్పులా వచ్చింది. "డాక్టరు కత్తి అన్నాడు. నా దేవుడికి కత్తి అక్కర్లేదు."

పాలిస్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మందిరం పెద్దల్లో ఆయన ఒకరు, మా రావెన్‌షా టౌన్ క్లబ్బు డైరెక్టర్లలోనూ ఒకరు. ముందు వరసలో మా ట్రైనరు ఈనాక్ భార్య కెజియా అక్క రెండు చేతులూ రొమ్ముకు అదుముకుని నన్నే చూస్తోంది. ఆమె ఒక్కతే ఏడవలేదు.

జనవరి 5, సోమవారం

మైదానానికి వెళ్లి ఈనాక్‌కు చూపించాను. మందిరం గడప తొక్కని మనిషి. మోకాలి చిప్ప పక్కన బొటనవేలు పెట్టి, "వంచు. ఊఁ. చాపు" అన్నాడు.

"చూశావా?"

"చూశాను. చిరిగిన ముక్క మడతపడితే బిగుస్తుంది తమ్ముడూ, మడత విప్పుకుంటే వదులుతుంది. అంతమంది అదిమితే విప్పుకోదా మరి. మళ్లీ మడతపడుతుంది."

"విశ్వాసం లేని నోటి మాట అది."

"నోటి సంగతి నాకు తెలీదు. నేను చూసేది మోకాళ్లు."

కెజియా అక్క శనివారం నాటి మురికి బట్టల మూట కోసం వచ్చింది. సోమవారం జట్టు బట్టలు ఆమే ఉతుకుతుంది. మూట నడుముకు ఆనించుకుని, "ఇంకో మాట చెప్పడం రాదా నీకు" అని మొగుణ్ణి కసిరి వెళ్లిపోయింది.

జనవరి 17, శనివారం

అంచు నుంచి గోలు ముందుకు రెండు క్రాసులు, ఒక గోలు. మోకాలు బాగుంది. దేవునికి స్తోత్రం.

జనవరి 18, ఆదివారం

కొండ అవతలి ఊళ్లో ప్రసంగం నాది. మంచులో నడిచి వెళ్లాను, నడిచి వచ్చాను. యాకోబు తెల్లవార్లూ దేవుడితో పెనుగులాడిన భాగం తీద్దామనుకున్నాను. తీసి, ఎందుకో పేజీ తిప్పేశాను. గుమ్మం దగ్గర కుంటివాడినే మళ్లీ చెప్పాను. ముగ్గురు ముందుకొచ్చి మోకరించారు.

జనవరి 31, శనివారం

రెండో సగంలో, కార్నరు జెండా దగ్గర, నన్ను అడ్డుకునే ఫుల్‌బ్యాక్‌ను దాటి లోపలికి తిరిగాను. తిరగడం తిరిగాను, కాలు నాతో తిరగలేదు. పడ్డాను. ఒక మోకాలు నేల మీద, రెండోది సగం మడిచి.

పక్కగీత దగ్గర ఆట చూసేది మన ఊరివాళ్లే. "ఏమయ్యా బోధకుడా, ఇప్పుడు ప్రార్థనేంటి?" అన్నాడొకడు. "లేవయ్యా, ఇక్కడ మేం ఆమెన్ అనేశాం" అని ఇంకొకడు. జనం నిలబడే గట్టంతా నవ్వు.

ఈనాక్ బకెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తడి స్పాంజి మోకాలి మీద పిండుతూ, దాని చాటున మడమ పట్టి బయటకు తిప్పి, పైకెత్తి లాగాడు. టక్. నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "స్తోత్రం చెప్పుకో తమ్ముడూ. ఈసారి రెండు చేతులతోనే అయింది."

లేచి ఆడాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇది శోధన. స్వస్థత పోలేదు. యోబును పరీక్షించినవాడే నన్నూ పరీక్షిస్తున్నాడు. మోకాలు బాగుంది.

ఫిబ్రవరి 14, శనివారం

మైదానం బాయిలరు గదిలో, మిగతావాళ్లు రాకముందే, ఈనాక్ మోకాలికి కట్టు కడుతున్నాడు. ముందు మందునూనె రుద్ది, తర్వాత గుడ్డ నాలుగు చుట్లు, పైన పొడుగు మేజోడు. పైకి ఏమీ కనబడదు. ఇది దాచడం కాదు. అంజూరపు పళ్ల ముద్ద పుండు మీద వేయమని యెషయా ప్రవక్తే చెప్పలేదా. కట్టు కట్టడం అవిశ్వాసమైతే ప్రవక్తదీ అవిశ్వాసమే.

నాకు ముప్పై ఒకటి. వింగర్‌కు ఇది పొద్దుగూకే వేళ. యుద్ధం అయిపోయిన ఏడు గనిలోంచి పైకి వచ్చి ఈ ఎడమ అంచు పట్టుకున్నాను. నడుమ ఒక ఏడాది పెద్ద క్లబ్బు పిలిచింది. వెళ్లి వాళ్ల రెండో జట్టులో ఆడి, ఊరి మీద బెంగతో తిరిగొచ్చాను. తర్వాత అంతా మూడో డివిజనే. బురద, పొగ, సగం నిండిన గట్లు. కప్పు పోటీలో మొదటి డివిజన్ జట్టు ఒక్కసారి మా ఊరొచ్చింది. ఆ మంచులో ఇంగ్లండుకు ఆడిన ఫుల్‌బ్యాక్‌ను నేను నాలుగుసార్లు దాటాను. మంగలి కొట్టులో ఇప్పటికీ ఆ నాలుగూ చెప్పుకుంటారు. ఈ మధ్య ఐదంటున్నారు.

మనుషుల కాళ్ల సత్తువ చూసి దేవుడు సంతోషపడడని కీర్తనల్లో ఉంది. దాని మీద నేనెప్పుడూ ప్రసంగించలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఈనాక్ ఇవాళ కబురంపి పిలిచాడు. బాయిలరు ముందు కూర్చుని, నిప్పు చూస్తూ మాట్లాడాడు.

"కెజియాకు గడ్డ ఉంది."

"ఎక్కడ?"

తన చొక్కా మీద ఎడమవైపు తట్టాడు. "ఆకులు రాలినప్పటి నుంచి. జిల్లా ఆసుపత్రిలో కోసి తీస్తామన్నారు, ఈ నెల రమ్మన్నారు. వెళ్లనంటోంది."

"ఏమంటోంది?"

"నువ్వు అన్నదే అంటోంది. నా దేవుడికి కత్తి అక్కర్లేదని."

అతను నిప్పును ఒకసారి ఎగదోశాడు.

"నీ కాలు ప్రతి శనివారం నేనే కడుతున్నానని చెప్పాను. మందిరం గడప తొక్కని నోటితో చెప్తే నమ్మనంది. నీ నోటితోనే విన్నది, నీ నోటితోనే వినాలి. నువ్వెళ్లి చెప్పు తమ్ముడూ."

ప్రార్థిస్తానన్నాను. అతను తలెత్తి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఆమె విశ్వాసం ఆమెది. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ అంగీ అంచు ముట్టి బాగుపడలేదా. నేను వెళ్లి నోరు విప్పితే ఆ అంగీ ఆమె చేతిలోంచి లాగినట్టు కాదా. దేవుడికీ ఆమెకూ మధ్య నిలబడడానికి నేనెవణ్ణి.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆరాధన అయ్యాక గుమ్మంలో కెజియా అక్క. రంగు తగ్గింది.

"ఎలా ఉంది ఆమోసూ, కాలు?"

"బాగుంది అక్కా. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం." కాసేపు నా మొహంలోకి చూసింది. "నువ్వు బాగున్నంత కాలం నాకూ బాగానే ఉంటుంది."

మార్చి 1, ఆదివారం

చెప్పలేదు.

మార్చి 9, సోమవారం

నా భార్య నెల్, పక్కింటాయన సాయంతో, మా మంచాన్ని కింది గదిలోకి దింపించింది. మేడ మీద చలిగా ఉంటోందట. మార్చి వచ్చాక చలేంటి. రోజూ రాత్రి మెట్ల మీద నా అడుగులు వింటూనే ఉంది. బఠాణీ ముద్ద, రొట్టె పెట్టి ఎదురుగా కూర్చుంది. "నీ గని బూట్లు అటక మీద ఉన్నాయి. నూనె రాసి ఉంచాను" అంది. ఎందుకు చెప్పిందో.

మార్చి 15, ఆదివారం

పాలిస్టర్ గారు మెట్ల దగ్గర ఆపి చెయ్యి భుజం మీద వేశారు. "వచ్చే ఏడాదికి నిన్ను వదిలేది లేదు ఆమోస్. బోర్డులో నేను మాట్లాడతాను. దేవుడు బాగుచేసిన కాలు పరుగెత్తుతుంటే చూడ్డానికి మందిరం వాళ్లు కూడా మైదానానికొస్తున్నారు. నా జన్మలో చూడలేదు అలాంటిది."

గనిలో రెండు షిఫ్టులు మూసేశారు. వీధి చివర మగవాళ్లు గోడకు చేరబడి ఒకే చుట్టను చేతులు మార్చి తాగుతున్నారు. ఈ కాలు పోతే నేనూ ఆ గోడ దగ్గరికే. నోరు విప్పితే పాలిస్టర్ గారి ఒక్క చెవినుంచే క్లబ్బుకూ తెలుస్తుంది, సంఘానికీ తెలుస్తుంది.

మోకాలు బాగుంది అని రాయబోయి ఆగాను.

మార్చి 21, శనివారం

ఈనాక్ కట్టలేదు.

గుడ్డ చుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "చెప్పావా?"

"సమయం కుదరలేదు."

"కుదరదు. ఆ గడ్డ పెరుగుతోంది తమ్ముడూ. చంక కిందకి వచ్చింది. నీకు ఒక్కో చుట్టు చుడుతుంటే కెజియా శవపెట్టెకు ఒక్కో మేకు కొడుతున్నట్టుంది నాకు. ఇవాళ కట్టను. పోయి డైరెక్టర్లకు చెప్పుకో, ట్రైనరు కట్టనన్నాడని."

చెప్పుకోలేనని తెలుసు అతనికి. నేనే కట్టుకున్నాను. వదులుగా వచ్చింది. అంచు మీదే నిలబడి, బంతి వస్తే వెంటనే ఎవరికో ఇచ్చేస్తూ, తిరగకుండా ఆట పూర్తి చేశాను. "బోధకుడు ఇవాళ ఉపవాసం" అని గట్టు మీంచి వినబడింది.

మార్చి 22, ఆదివారం

పుస్తకం తెరిస్తే అననీయ, సప్పీరా దగ్గర తెరుచుకుంది. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అంతా తెచ్చామన్నవాళ్లు. పరిశుద్ధాత్మతో అబద్ధమాడి పేతురు కాళ్ల దగ్గర పడి చచ్చినవాళ్లు. సరే, అదే తీశాను. గంటసేపు ఉరిమాను. కిటికీ అద్దాలు అదిరాయని రూబెన్ తాత మెచ్చుకున్నాడు. దిగేటప్పుడు ప్రసంగ పీఠం మెట్లు ఒక్కొక్కటిగా, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద ఆనించుకుంటూ దిగాను.

చెప్పినదాంట్లో ఒక్క మాటా నన్ను ముట్టలేదు. నేను బతికే ఇంటికొచ్చాను.

మార్చి 30, సోమవారం

వెళ్లాను.

పెరట్లో రాగి కాగులో నీళ్లు మరుగుతున్నాయి. కెజియా అక్క కుడిచేత్తోనే కర్రతో బట్టలు తిప్పుతోంది. ఎడమచెయ్యి ఒంటికి ఆనించుకుని ఉంది. ఆవిరిలో జట్టు చొక్కాలు నల్లగా, తెల్లగా తేలుతున్నాయి.

"కూర్చో. ఆ పీట లాక్కో. నిలబడితే నీకు నొప్పి."

నిలబడే చెప్పాలనుకున్నాను. కూర్చున్నాను. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "అక్కా, నా మోకాలు బాగవలేదు" అన్నాను.

ఆమె తిప్పడం ఆపలేదు. "ఊఁ."

"జనవరిలో వదిలింది. తర్వాత మళ్లీ పట్టింది. ఈనాక్ కడుతున్నాడు. నేను నీతో బాగుందని చెప్పిన ప్రతిసారీ..."

"ఆమోసూ, సోమవారం సోమవారం ఈ కాగులో ఏమేస్తున్నానో తెలుసా?" కర్రతో ఒక పొడుగు గుడ్డ పైకెత్తింది. పసుపు మరక, మందునూనె వాసన. నా కట్టు. "వీటిని ఉతికేదెవరనుకున్నావు, దేవదూతలా? ఫిబ్రవరి మొదట్లో ఒకటి వచ్చింది. తర్వాత వారం వారం రెండు. పసుపు పోదు, సోడా వేసి రెండుసార్లు ఉడకబెడుతున్నాను."

ఆ గుడ్డ మీంచి చూపు తిప్పుకున్నాను. "మరి ఎందుకు నమ్మినట్టు..." అన్నాను.

కర్ర కాగు అంచున ఆనించి నా ఎదురుగా గట్టు మీద కూర్చుంది. "మా అమ్మను ఆ ఆసుపత్రికే తీసుకెళ్లారు. నడిచి వెళ్లింది. బండిలో తెచ్చారు. నాకప్పుడు పదమూడు. ఆ కత్తి అంటే నాకు భయం ఆమోసూ, ఒళ్లంతా భయం. భయమేస్తోంది, నేను వెళ్లను అంటే ఊరుకుంటారా? మా ఆయన ఏడుస్తాడు, డాక్టరు తిడతాడు, ఆడవాళ్లందరూ చేరి ఈడ్చుకెళ్తారు. విశ్వాసంతో ఉన్నాను, వెళ్లను అంటే ఎవరూ నోరెత్తరు. నువ్వు ఆ రోజు బల్ల మీంచి దూకి ఆ మాట అన్నావు చూడు, అది నాకు దాక్కోడానికి సరిపోయింది."

"నాకూ అంతే అక్కా."

"తెలుసు. అందుకే నిన్నేం అనలేదు. ఇద్దరం ఒకే దుప్పటి కింద దూరాం."

కాగులో నీళ్లు పొంగుతున్నాయి. లేవబోయింది, నేను లేచి కింది నిప్పు వెనక్కి లాగాను.

"ఇప్పుడు రాత్రుళ్లు నొప్పి," అంది. "భయం కన్నా నొప్పి పెద్దదైంది. వెళ్దామనే ఉంది. ఎలా వెళ్లను? మూడు నెలలుగా దేవుడి కోసం కనిపెట్టుకుని ఉన్నానని ఊరంతా చెప్పాను. రూబెన్ తాత నా పేరు పెట్టి ప్రార్థిస్తున్నాడు. ఇప్పుడు పెట్టె పట్టుకుని బస్సెక్కితే కెజియా విశ్వాసం చెడింది అంటారు. నేను చచ్చిపోతే అందుకే పోయిందంటారు."

"ఎవరూ అనరు."

"నువ్వే అంటావు పీఠం మీంచి. ఇలాంటివి ఎన్ని అనలేదు నువ్వు."

అన్నాను. నిజమే. చాలా అన్నాను.

"ఈస్టర్‌కు ప్రేమవిందు ఉంది కదా," అంది. "ఎక్కడ ఎక్కావో అక్కడే దిగు. నువ్వు దిగితే ఆ మెట్ల మీదుగా నేనూ దిగుతాను. నా చెవిలో చెప్తే నాకేం లాభం? నాకు ముందే తెలుసు."

"పాలిస్టర్ గారు ఉంటారక్కా."

"ఉంటాడు. నిన్ను పంపేస్తారు కూడా. తెలిసే అడుగుతున్నాను." ఆమె కర్ర మళ్లీ చేతికి తీసుకుంది. "ఊరికే రమ్మంటున్నానా, నేనూ వెళ్తున్నాను కదా ఆసుపత్రిలో కోసే బల్ల మీదికి."

ఏప్రిల్ 4, శనివారం

ఈనాక్ ఏమీ అడగకుండా కట్టాడు. గట్టిగా, అందంగా కట్టాడు. భార్య చెప్పిందేమో.

ఇదే ఆఖరుదని మాకిద్దరికే తెలుసు. మొదటి సగం అంచు మీదే ఉన్నాను. ఆట చివర బంతి నా ముందు పడింది, ఎదురుగా వాళ్ల ఫుల్‌బ్యాక్, కుర్రాడు. లోపలికి వస్తాననుకుని బరువు అటు వేశాడు. నేను బయటనుంచి వెళ్లాను. పరుగెత్తాను. నొప్పి ఉంది, కానీ వెనకెక్కడో, ఇంకెవరికో ఉన్నట్టుంది. గీత దాటి బంతి బయటికి పోయేలోపు ఎడమకాలితో తీసి గోలు ముందుకు వేశాను. మావాడెవడిదో తల బంతికి తగిలిన చప్పుడు వినబడింది. వల కదిలింది. గట్టంతా ఒక్క మనిషిలా లేచింది.

ప్రభువా, మనుషుల కాళ్లంటే నీకు నిజంగా ఏమీ లేదా. ఆ ఒక్క నిమిషం కూడానా.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం

నిలబడ్డాను. ఈసారి మాట నిప్పులా రాలేదు.

పంట్లాం మోకాలి పైకి మడిచి కట్టు విప్పాను. చుట్లు చుట్లుగా కింద పడింది. వాపు అందరికీ కనబడింది. "ఇది బాగవలేదు. జనవరి ఆఖరుకే మళ్లీ పట్టింది. అప్పటినుంచి మీరు అడిగినప్పుడల్లా బాగుందన్నాను. ఆట పోతుందని అన్నాను. ఈ పీఠం పోతుందని అన్నాను" అన్నాను. ఇంకేవో వాక్యాలు చెబుదామని వచ్చాయి. చెప్పలేదు.

రూబెన్ తాత లేచాడు. "మరి ఆ రోజు మేం పెట్టిన చేతులు? మా ప్రార్థన?"

"చేతులు నిజం తాతా. ప్రార్థన నిజం. కాలు చాపుకున్నదీ నిజమే. ఆ తర్వాత నేను చెప్పిందే అబద్ధం."

అతను కూర్చుని మొహం కప్పుకున్నాడు. ఆ ముసలాయన భుజాలు చూడడం కన్నా గనిలో కప్పు కూలడం నయం. పాలిస్టర్ గారు టోపీ తీసుకుని నడవా మధ్యలోంచి బయటకు వెళ్లిపోయారు. బూట్ల చప్పుడు గుమ్మం దాకా వినబడింది.

నీళ్లగిన్నె కదిలింది. నా పక్కవాడు తాగి, నన్ను దాటించి అవతలి మనిషికిచ్చాడు.

అప్పుడు ముందు వరసలోంచి కెజియా అక్క లేచింది. "నాదీ ఒక సాక్ష్యం ఉంది. నాకు గడ్డ ఉందని మీకు తెలుసు. నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. మన ఆమోసు దేవుడికి కత్తి కావాలంటే నా దేవుడికీ కావాలి, ఇద్దరం ఒకే దేవుణ్ణి పెట్టుకున్నాం కదా." ఎవరో ముసలమ్మ ముక్కు చీదింది, నవ్వో ఏడుపో. కెజియా అక్క నడిచి వెళ్లి ఆ గిన్నె తీసుకుని, ఒక పిడి తను ఒంటిచేత్తో పట్టుకుని, రెండో పిడి నా వైపు తిప్పింది.

తాగాను. మామూలు నీళ్లే.

ఏప్రిల్ 7, మంగళవారం

పాలిస్టర్ గారు క్లబ్బు గదిలోకి పిలిచారు. కూర్చోమనలేదు. వచ్చే ఏడాదికి నన్ను ఉంచుకోవడం లేదు. ఈ ఏడాదికీ చాలన్నారు. ప్రసంగాల పట్టికలోంచి పేరు తీసేయమని ఆయనే సంఘానికి చెప్పారట. "క్లబ్బును మోసం చేసినందుకు క్షమించగలను" అన్నారు. "నన్ను ఏడిపించావు చూడు. అది క్షమించలేను."

ఆయన అన్నది సబబే.

ఇంటికొచ్చేసరికి గని బూట్లు గుమ్మం పక్కన ఉన్నాయి. నెల్ నా మొహం చూసి, "మంచం కింది గదిలోనే ఉంచుదామా?" అంది. ఉంచుదామన్నాను. ఈ ఇంట్లో నేను మొట్టమొదట ఒప్పుకున్న మాట అదే.

ఏప్రిల్ 18, శనివారం

కెజియా అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇవాళ ఇక్కడే మ్యాచ్, ట్రైనరు బకెట్ వదిలి రాలేడు. సెలవడిగితే డైరెక్టర్లు కుదరదన్నారు. నాకేం పని, నేను వెళ్లాను. నెల్ వేడి రొట్టె గుడ్డలో చుట్టి ఆమె ఒళ్లో పెట్టింది.

బస్సు కోసం మైదానం వెనక గోడ వెంట నడవాలి. ఆమెకు ఆయాసం, నాకు కుంటు. పెట్టె నా చేతిలో.

"నెమ్మదిగా నడు" అన్నాను.

"నేను నీకోసమే నెమ్మదిగా నడుస్తున్నాను."

గోడ అవతల ఒక్కసారి హోరెత్తింది. ఎక్కుతూ ఎక్కుతూ పోయి, చివర ఊపిరి వదిలినట్టు జారిపోయింది.

"గోలా?"

"కాదు. ఎడమవైపు నుంచి క్రాసు వచ్చింది. తల పైనుంచి పోయింది."

"గోడ ఇవతలి నుంచి అంతా చూశావా?"

"ఆ గొంతులు నాకు తెలుసు అక్కా. అన్నేళ్లు అవి నా వీపు మీదే ఉన్నాయి."

ఆమె ఆగి గోడకు చెయ్యి ఆనించింది. పడిపోతుందేమోనని పట్టుకున్నాను. "ఆ మాట మళ్లీ అనవేం" అంది, "భయపడకు, దేవుడున్నాడు అని. అందరికీ అంటావు కదా."

"నాకూ భయంగా ఉంది."

"అది నయం" అంది. నా మోచెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చేదాకా వదల్లేదు.

ఏప్రిల్ 21, మంగళవారం

తీసేశారు. బతికి ఉంది.

మే 3, ఆదివారం

ఈనాక్ వచ్చి చెప్పాడు. మొత్తం తీశామనుకుంటున్నాం, చంక కింద కూడా తీశాం, ఇకమీద చూడాలి అన్నాడట సర్జను. ఫిబ్రవరిలో వచ్చి ఉంటే ఇంత కోయవలసి వచ్చేది కాదని కూడా అన్నాడట. అది చెప్పేటప్పుడు ఈనాక్ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో తెలుసు.

ఫిబ్రవరి. బాయిలరు ముందు నన్ను అడిగిన నెల. ఆమె కూడా దాక్కుందని చెప్పుకుని నేను తప్పుకోగలను. కానీ ఆమె భయానికి ఒక గోడ కావలసి వచ్చింది. ఆ గోడ నేను కట్టాను, వాక్యాలు తెచ్చి కట్టాను. ఆ పన్నెండేళ్ల రక్తస్రావం స్త్రీని నా పక్కన సాక్షిగా నిలబెట్టుకున్నాను ఇదే డైరీలో. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. ఉండనీ.

జూన్ 15, సోమవారం

గని పైన బొగ్గులోంచి రాళ్లు ఏరే పని దొరికింది, ముసలివాళ్లూ దెబ్బతిన్నవాళ్లూ నిలబడే చోట. మధ్యాహ్నానికి అయిపోతుంది. సోమవారాలు అక్కడినుంచి కెజియా అక్క పెరట్లోకి వెళ్తున్నాను. సీజను అయిపోయినా క్లబ్బు మేజోళ్లూ తెరలూ దుప్పట్లూ ఉతకాలి. కర్ర నేను తిప్పుతాను, నెల్ పిండుతుంది. కెజియా అక్క కుర్చీలో కూర్చుని ఇద్దర్నీ తిడుతుంది. "చొక్కాను భుజాల దగ్గర వేలాడదీస్తారా ఎవరైనా? తిరగెయ్. పీఠం మీంచి అరవడం తప్ప ఏ పనీ రాదు ఈ మనిషికి."

రూబెన్ తాత ఇవాళ గోడ మీంచి తొంగిచూశాడు. ఈస్టర్ తర్వాత నాతో మాట్లాడ్డం ఇదే. "పట్టికలో లేకపోతే నోరు కూడా లేదా నీకు? ఏదో ఒక వాక్యం చెప్పు, వింటాను" అన్నాడు. కళ్లు మాత్రం కాగు మీద పెట్టాడు.

కాగు పక్కన నిలబడి చెప్పాను. జనవరిలో తిప్పేసిన పేజీ. తెల్లవార్లూ పెనుగులాట, తొడ గూడు తప్పడం, ఆశీర్వదిస్తే గాని వదలనని పట్టుకోవడం, పొద్దు పొడిచేసరికి యాకోబు కుంటుతూ రేవు దాటడం. అరవలేదు. అరవడానికి వినేవాళ్లు ముగ్గురే.

"తర్వాత ఆ కాలు బాగయిందా?" అంది కెజియా అక్క.

నేనెప్పుడూ ఆలోచించలేదు. తలలో ఉన్న పుస్తకమంతా వెతికాను. "లేదక్కా. బాగయిందని ఎక్కడా లేదు. కుంటుతూనే వెళ్లి అన్నను కలిశాడు. కర్ర మీద ఆనుకుని ముసలివాడయ్యాడు."

రూబెన్ తాత అవునన్నట్టు గడ్డం నిమురుకుని, "సరే. నీళ్లు పొంగుతున్నాయి, చూసుకో" అని వెళ్లిపోయాడు.

కెజియా అక్క కుర్చీలోంచి లేచింది. నెల్ పట్టుకోబోతే వద్దంది. ఆరేసే తాడు కింద నిలబడి ఎడమచెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. కోత తర్వాత, పోయిన వారానికి కూడా గడ్డం దాకానే వచ్చిన చెయ్యి. మొహం తెల్లబడింది, పెదవి పంటి కింద ఉంది. నుదురు దాటింది. వేళ్ల చివరలు తాడుకు తగిలాయి. తాడు కాస్త ఊగింది.

ఆమె చెయ్యి దించలేదు. "చూస్తూ నిలబడతావేం, క్లిప్పు అందించు" అంది.

అందించాను.